ఆయుధ పూజ మర్నాడు అక్క కంప్యూటర్

ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "చేసేదాన్ని" అనడం నాకింకా అలవాటు కాలేదు. నోట్లో "చేస్తున్నాను" అనే మొదలవుతుంది, మధ్యలో దిద్దుకుంటాను. రిటైరయ్యే వయసు కాదు నాది. పాప పుట్టింది, మానేశాను, అంతే. ఇప్పుడు రాత్రిళ్లు అది నిద్రపోయాక దాని ఊపిరి వింటూ కూర్చుంటాను. కాసేపు ఏ అలికిడీ లేకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. "పొద్దున లేస్తుంది గానీ పడుకో" అంటాడు. చప్పుడు లేకపోతే నాకు భయం. ఆ భయం పాపతో రాలేదు. అంతకుముందే, తిరువళ్లూరులో నేను పనిచేసిన ఆఫీసులో పట్టుకుంది. దాని గురించే రాస్తున్నాను. సిస్టమ్స్ పనిలోకి కొత్తగా వెళ్తున్న పిల్లలెవరైనా చదివితే మంచిదే. ఉపయోగపడుతుందని మాత్రం చెప్పలేను.

మా ఆఫీసు స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక బట్టల కొట్టు పైన ఉండేది. చెన్నైలోని ఆసుపత్రుల నుంచి డాక్టర్లు మాట్లాడిన రికార్డింగులు మాకు వచ్చేవి. రోగికి ఏమైంది, ఏం చేశారు, ఏ మందులు వాడాలి అని డాక్టరు గబగబా చెప్పేస్తాడు. అది విని, తప్పుల్లేకుండా టైపు చేసి సాయంత్రంలోగా పంపడం మావాళ్ల పని. కంప్యూటర్లన్నిట్లో లినక్సే. ఓనరుకు దానిమీద ప్రేమ ఉండి కాదు, కొనక్కర్లేదు కాబట్టి. వాటిని చూసుకోవడానికి ఇద్దరం ఉండేవాళ్లం. నాకు పని నేర్పిన సీనియర్ అన్న ఒకరు, నేనొకదాన్ని.

టైపు చేసేవాళ్లలో ఒకామె తిరుత్తణి నుంచి వచ్చేది, నేను అక్కా అని పిలిచేదాన్ని. పుట్టుకతోనే చూపు లేదు. ఇంగ్లీషులో ఎమ్మే చేసింది. లోకల్ ట్రైను దిగి, తెల్ల కర్రతో మెట్లెక్కి, అందరికంటే ముందు సీట్లో ఉండేది. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుంటుంది, స్క్రీన్ రీడర్ అంటారు. అక్క హెడ్‌ఫోన్‌లో ఒక చెవిలో డాక్టరు మాట్లాడేవాడు, రెండో చెవిలో ఆ రీడర్ మాట్లాడేది. దాని వేగం ఎంత పెంచుకుందంటే, మనం వింటే పళ్లెంలో బియ్యం పోస్తున్నట్టు ఉండేది. ఒకసారి ఆ హెడ్‌ఫోన్ నా చెవిలో పెట్టుకుని, ఒక్క ముక్క అర్థంకాక తీసేశాను.

"ఇది ఇంగ్లీషేనా అక్కా?"

"ఇంగ్లీషే మే. నీకు కండ్లుండాయి గదా, నిదానంగా చదువుకుంటావు. నాకు అంత టైం యాడుండాది?"

ఆఫీసులో మా ఇద్దరం, అన్న తప్ప అందరూ తమిళమే. అక్కా నేనూ మా ఊళ్ల తెలుగు మాట్లాడుకునేవాళ్లం. ఆ తెలుగులో ఆమె మేనేజర్ సారును ఏమనేదో ఆయనకు తెలియకపోవడం మా ఇద్దరికీ ఉన్న చిన్న సంతోషం.

ఇది జరిగిన ఏడాదే మా పనిలోకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. డాక్టరు మాటల్ని అదే విని అదే టైపు చేస్తుంది. మనిషి కూర్చుని తప్పులు దిద్దితే చాలు. తనకు అనుమానంగా ఉన్న మాటల్ని అది రంగుల్లో చూపించేది. ఆ రంగుల్ని స్క్రీన్ రీడర్ చదవలేదు. అక్క నోరు తెరిచి అడిగింది ఒకటే. ఇద్దరు పెద్ద డాక్టర్లున్నారు, మాట మింగేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర తడబడుతోంది. వాళ్ల రికార్డింగులు తనకు వదిలెయ్యమంది. మేనేజర్ సార్ కుదరదనలేదు. "ఈ నెల నీ పని చూసి, పూజ అయిన తరవాత చెప్తానమ్మా" అన్నారు. ఇంట్లో అక్క తమ్ముడు అప్పటికే అంటున్నాడట, రోజూ రైల్లో ఈ కష్టమెందుకు, ఇంట్లో కూర్చో అని. "కూచోబెడితే మళ్లా లేయనియ్యరు మే" అంది నాతో. ఆ నెలలో ఒక్క పూట కూడా లీవు పెట్టలేదు. జ్వరంతో కూడా వచ్చింది.

ఆయుధ పూజ ఎలా చేస్తారో ఈ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. లారీ నుంచి లేతు మిషను దాకా, పని చేసే ప్రతి వస్తువునూ కడిగి, గంధం, కుంకుమ పెట్టి, పువ్వులు వేసి, ఒక రోజు ముట్టుకోకుండా వదిలేస్తారు. మళ్లీ మర్నాడు దణ్ణం పెట్టి మొదలుపెడతారు. మా ఆఫీసులో ఆ కడగడం మా అన్న చేతిలో ఇంకో మెట్టు పైకెక్కింది. పూజ ముందు సాయంత్రం బ్లోయర్‌తో అన్ని కంప్యూటర్ డబ్బాల్లో దుమ్ము ఊదడం నా పని. ఆ తరవాత ఆయన కూర్చుని అన్ని కంప్యూటర్లకూ అప్‌డేట్ పెట్టి, పాత ఫైళ్లన్నీ ఊడ్చేసేవాడు.

"బయట దుమ్ము తుడిస్తే చాలదు మా. లోపల చెత్త కూడా పోవాల. పండగంటే అదీ" అనేవాడు.

ఆయన చెత్త అన్న దాంట్లో పాత కెర్నెళ్లు కూడా ఉండేవి. కెర్నెల్ అంటే యంత్రానికీ మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడే అసలైన భాగం. అప్‌డేట్‌లో కొత్తది వస్తే పాతదాన్ని కొన్నాళ్లు పక్కన ఉంచుతారు. కొత్తది మొరాయిస్తే పాతదానితో లేపవచ్చు. అన్న దాన్ని ఉంచేవాడు కాదు. పండగ నాడు ఇంట్లో పాత చీపురు ఎవరు పెట్టుకుంటారని ఆయన లెక్క. ఏళ్ల తరబడి అలాగే చేశాడు, ఏమీ కాలేదు. ఏమీ కానంతకాలం అది మాకు మంచి పద్ధతిగానే కనిపించింది.

ఆ సాయంత్రం కూడా అంతే. అప్‌డేట్లు అయ్యాయి, ఊడ్చడం అయ్యింది, అన్నీ ఆపేశాం. మర్నాడు పూజ. మానిటర్ల మీద చామంతి దండలు, కీబోర్డుల మీద గంధం బొట్లు. వాకిట్లో అరటి మొక్కలు. అక్క తన హెడ్‌ఫోన్ తెచ్చి దేవుడి ముందు పెట్టింది.

"దీనికీ బొట్టు పెట్టు మే. కంప్యూటర్ కంటే ఇదే నాకు అన్నం పెడతా ఉండాది."

నేను రెండు చెవులకూ కుంకుమ పెట్టాను. బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు, పొరి, అంటే మరమరాలు, పంచారు, అందరం ఇళ్లకు వెళ్లాం.

విజయదశమి సెలవే గానీ, ఆసుపత్రులకు సెలవుండదు కాబట్టి మాకూ లేదు. పైగా పండగ రోజు రికార్డింగులన్నీ కుప్పపడి ఉన్నాయి. అన్న తన కొడుకుకు బడిలో అక్షరాభ్యాసం చేయించి మధ్యాహ్నానికి వస్తానన్నాడు. పొద్దున హారతి ఇచ్చి అందరూ ఒకేసారి స్విచ్‌లు నొక్కారు. కాసేపటికి, చామంతి దండలు వేసుకున్న నల్ల తెరలు, వాటి ముందు చేతులు కట్టుకుని మనుషులు. ఏ తెర మీదా ఏమీ రాలేదు.

"గుమ్మడికాయ సరిగ్గా పగల్లేదు. నేను నిన్ననే అనుకున్నాను" అంది ఎవరో ఒకావిడ.

మేనేజర్ సార్ వచ్చారు. ఆయన తమిళంలో అన్నవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "ఏంటమ్మా ఇది? ఎవరైనా కుంకుమ నీళ్లు లోపల పోశారా?"

నేను అన్నకు ఫోన్ చేశాను. వెనక పిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి.

"అన్నా, అప్‌డేట్ పెట్టినాక ఒకసారి రీబూట్ చేసి చూసినావా?"

"పూజకని ఆపినాక మళ్లా ఆన్ చేస్తారా యాడన్నా?"

"పాత కెర్నెల్ ఒకటైనా ఉంచినావా?"

"వస్తా ఉండా మా" అని పెట్టేశాడు.

జరిగింది చెప్తే చాలా చిన్నది. మా కంప్యూటర్లలో పాత గ్రాఫిక్స్ కార్డులుండేవి. వాటి డ్రైవర్‌ను ప్రతి కొత్త కెర్నెల్‌కూ విడిగా తయారుచేయాలి. దానికి కావాల్సిన ఫైళ్లు ఆ అప్‌డేట్‌లో రాలేదు. అందుకని కొత్త కెర్నెల్‌కు ఆ కార్డులతో మాట్లాడటం రాలేదు. పాత కెర్నెల్‌తో లేపుదామంటే దాన్ని మేమే ఊడ్చేశాం. లోపల కంప్యూటర్ పనిచేస్తూనే ఉంది, తెర మాత్రం నలుపు. ఇదంతా నాకు తెలియడానికి సగం పూట పట్టింది.

ఒక్క అక్క కంప్యూటర్‌లో మాత్రం విడి కార్డు లేదు. బోర్డులోనే ఉన్న గ్రాఫిక్స్. అది ఎప్పటిలాగే వెలిగింది. ఆఫీసులో తెర చూడలేని మనిషి ఒకతే, తెర వచ్చిన కంప్యూటర్ కూడా ఆమెది ఒకటే.

"అక్కది తప్పించుకుందిలే" అన్నారు అందరూ. నేనూ అనుకున్నాను.

కాసేపటికి అక్క నన్ను పిలిచింది. "మే, ఇట్ట రా. ఇది పలకలే."

వెళ్లి చూశాను. తెర మీద అంతా సరిగ్గా ఉంది. రీడర్ నడుస్తున్నట్టే చూపిస్తోంది. వాల్యూం నిండుగా ఉంది. హెడ్‌ఫోన్ నా చెవిలో పెట్టుకుంటే ఏమీ లేదు, కుంకుమ వాసన తప్ప. నేను పెట్టిన బొట్టు స్పాంజి నిండా రాలి ఉంది. వైరు గుచ్చే రంధ్రం చుట్టూ కూడా ఎరుపు. ఇంకేం, అదే కారణం అనుకున్నాను. పిన్నీసుకు దూది చుట్టి ఆ రంధ్రం శుభ్రం చేస్తూ కూర్చున్నాను. పూజే చెడగొట్టిందని ఆఫీసంతా ఒకటే మాట, ఆ మాట నా తలలోకీ ఎక్కింది. శుభ్రం చేసి పెట్టినా పలకలేదు. ఇంకొకరి హెడ్‌ఫోన్ పెట్టినా పలకలేదు. అప్పుడు సౌండ్ సెట్టింగులు తెరవబోయాను. చెయ్యి మౌస్ మీద ఉండగానే మేనేజర్ సార్ వచ్చారు.

"ఇది వెలుగుతోంది కదా. దీనికేం?"

"సౌండ్ రావట్లేదు సార్. కొంచెం టైమిస్తే చూస్తాను."

"అన్ని నల్ల తెరలు అక్కడ పెట్టుకుని వెలిగేదాన్ని పట్టుకుని కూర్చుంటావా? సాయంత్రంలోగా పంపకపోతే ఆసుపత్రివాళ్లు పని ఇంకొకళ్లకిస్తామంటున్నారు." ఆయన వెనక్కి తిరిగి, తప్పులు దిద్దే పనికి కొత్తగా వచ్చిన అమ్మాయిని పిలిచారు. "నువ్వు ఇక్కడ కూర్చో. ఈవిడ ఫైళ్లు కూడా నువ్వే చూడు. సౌండ్ లేకపోయినా రంగు మాటలు దిద్దితే చాలు."

"సార్, అవి అక్క ఫైళ్లు. ఆ డాక్టర్లవి..." అన్నాను.

"తెలుసమ్మా. ఈ ఒక్క రోజుకే."

అక్క హెడ్‌ఫోన్ తీసి, వైరు చుట్టి, సంచిలో పెట్టుకుని లేచింది. ఆ అమ్మాయి పాపం కూర్చోవడానికి కూడా ఇబ్బందిపడింది. "కూచో పాపా. కుర్చీ ఒక పక్కకు వంగతాది, జాగ్రత్త" అని తమిళంలో చెప్పి, కర్ర తీసుకుని వరండాలోకి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. పక్కన వాడిపోతున్న అరటి మొక్క.

నేను వెళ్లి, "ఒక గంటలో చేసిస్తా అక్కా" అన్నాను.

"నువ్వు పోయి నీ పని చూడు మే. నాకేం, గాలి బాగుండాది."

ఆ గంట సాయంత్రమైంది. మధ్యాహ్నానికి అన్న వచ్చాడు, చొక్కా మీద ఇంకా పసుపు మరక ఉంది. ఇద్దరం చెరో వైపు నుంచి మొదలుపెట్టాం. ఇంటర్నెట్ నత్తనడక. ఒక్కొక్క కంప్యూటర్‌నూ ఒట్టి అక్షరాలే వచ్చే రిపేరు మోడ్‌లో లేపి, ఆ ఫైళ్లు దించి, డ్రైవర్ తయారుచేసి, మళ్లీ లేపి, తెర వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడటం. ఒక్కటి వెలిగితే ఆ సీటు చుట్టూ చప్పట్లు. అన్న మొహం చూడలేకపోయాను. ఆ మనిషిని ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. అంతలా పనిచేశాడు.

తలెత్తినప్పుడల్లా వరండా కనబడేది. అక్క ఒకసారి చిన్నగా ఏదో వల్లించుకుంటోంది, ఇంకోసారి ఊరికే కూర్చుంది. భోజనానికి పిలిస్తే ఆకలి లేదంది.

అన్నీ వెలిగాయి. ఫైళ్లు వెళ్లిపోయాయి. ఆ అమ్మాయి ట్రైనుకు పరిగెత్తింది. అప్పుడు అక్కను తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టి, పొద్దున తెరవబోయిన సౌండ్ సెట్టింగులు తెరిచాను. అక్క అలవాటుగా ఒక కీ నొక్కింది. తెర మీద సౌండ్ చూపించే చిన్న గీత ఒక్కసారి లేచి పడింది. ఇంకో కీ నొక్కింది. మళ్లీ లేచి పడింది.

అప్‌డేట్ తరవాత అది సౌండ్‌ను హెడ్‌ఫోన్‌కు కాకుండా మానిటర్ వైరులోకి పంపుతోంది. ఆ మానిటర్‌కు స్పీకర్లు లేవు.

"అక్కా, ఇది పొద్దున్నించీ మాట్లాడతానే ఉండాది."

"ఎవురితో?"

"మానిటర్‌తో."

అక్క గట్టిగా నవ్వింది. నేనూ నవ్వబోయాను. అంతలో ఆమె ఆపేసింది.

నేను అవుట్‌పుట్ మార్చాను. హెడ్‌ఫోన్‌లోంచి ఆ బియ్యం పోసే గొంతు ఒక మాట మధ్యలోంచి వచ్చింది, ఎప్పుడూ ఆగనే లేదన్నట్టు. అక్క తల వంచి విన్నది.

"ఎంతసేపు పట్టె మే, ఇది చేసేదానికి?"

చెప్పకుండా ఉండాల్సింది. "రెండు క్లిక్కులు" అన్నాను.

"సరే" అంది. ఆమె ట్రైనుకు ఇంకా టైముంది. అయినా లేచింది.

ఆ నెలాఖరున మేనేజర్ సార్ నిర్ణయం చెప్పారు. అందరూ దిద్దే పనిలోకే. విడి రికార్డింగులు ఎవరికీ లేవు. ఆ రోజు ఆ ఇద్దరు డాక్టర్ల ఫైళ్లూ సాఫ్ట్‌వేర్ టైపు చేసి, ఆ అమ్మాయి దిద్ది పంపితే, ఆసుపత్రి నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదట. అక్క లేకపోయినా జరుగుతుందా అని ఎవరూ పరీక్ష పెట్టలేదు. మా అప్‌డేట్ పెట్టింది.

నేను ఆయన గదిలోకి వెళ్లాను. అక్క తప్పు లేదని, కంప్యూటర్ పాడవడం వల్ల ఆ రోజు ఆమె పని ఆగిందని చెప్పాను.

"పాడైతే అదే కంప్యూటర్ మీద ఆ అమ్మాయి ఎలా చేసిందమ్మా?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబుంది. సౌండ్ ఎటు పోయిందో, ఎందుకు పోయిందో అంతా చెప్పాను. రంగుల బదులు రీడర్ చదివేలా ఏదైనా గుర్తు పెట్టించవచ్చేమో, సాఫ్ట్‌వేర్‌వాళ్లను అడుగుదామని కూడా అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు. చెడ్డమనిషి కాదు. నేను చెప్పిందంతా సరైనదే, కానీ ఆయన అడిగింది అది కాదు, ఆ పనికి ఆమె కావాలా అని.

బయటికి వచ్చాక అక్క అడిగింది, "ఏమన్నాడు?"

"అడిగి చూస్తానన్నాడు అక్కా."

"నీకు అబద్దం రాదు మే. గొంతు సన్నమైపోతాది." సంచిలోంచి హెడ్‌ఫోన్ తీసి స్పాంజి మీద వేలు రాసి వాసన చూసింది. "కుంకుమ ఇంకా పోలే" అంది. ఆ వారం తరవాత రాలేదు.

ఆ సీటు ఆ కొత్త అమ్మాయికే ఇచ్చారు. అక్క అకౌంటూ, ఆ చదివే ప్రోగ్రామూ తీసెయ్యమన్నారు. ఫైళ్లు తీసేశాను. మిగతావి తియ్యలేదు. రీడర్‌ను అలాగే ఉంచి, దాని సౌండ్‌ను మాత్రం మళ్లీ మానిటర్ వైరులోకి తిప్పాను. ఎందుకలా చేశానో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. ఆ అమ్మాయికి ఏమీ వినబడదు కాబట్టి ఎవరూ అడగలేదు. అన్న ఒకరోజు చూశాడు, చూసి పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మరుసటి ఏడు పండగకు ఆయన పాత కెర్నెళ్లు తుడవలేదు. అప్‌డేట్ పెట్టాక ఒక్కొక్కటీ ఆన్ చేసి చూసి, ఆ తరవాతే బొట్టు పెట్టనిచ్చాడు.

కొత్తగా పనిలోకి వెళ్లే పిల్లలకు చెప్పాల్సింది అదే అయితే, అది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. అప్‌డేట్ తరవాత ఒకసారి లేపి చూడండి, వెనక్కి వెళ్లే దారి ఉంచుకోండి. ఇంకొకటి మాత్రం పుస్తకాల్లో నాకు కనబడలేదు. తెర వచ్చింది కదా అని లేచిపోకండి. ఆ కుర్చీలో కూర్చునే మనిషిని, నీకు వచ్చిందా అని అడగండి. నేనైతే అడిగాను. ఆమె రాలేదని చెప్పింది కూడా. అయినా ఇలా అయింది. అందుకే ఉపయోగపడుతుందని చెప్పలేనన్నాను.

పోయిన నెల పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుత్తణి వెళ్లాం. కొండ కింద అక్క తమ్ముడు వ్యాన్లు అద్దెకు తిప్పుతాడు. ఆ చిన్న గదిలో ఫోన్ దగ్గర అక్క కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకే "రా మే" అంది. పాపను ఒళ్లో పెట్టాను. గుండు మీద గంధం తడి ఇంకా ఆరలేదు. అక్క చెవి దాని ముఖం దగ్గరకు వంచి చాలాసేపు విన్నది.

"బాగుండాది. నువ్వే నిద్రపోకుండా ఉండావు. గొంతులో తెలస్తా ఉండాది."

వేరే చోట్ల పనికి ప్రయత్నించావా అని అడిగాను. అన్ని చోట్లా ముందు ఒక పరీక్ష పెడుతున్నారని, అది ఆ రంగుల తెర మీదేనని చెప్పింది. తరవాత తనే అడిగింది. "ఆ మిషన్ ఏమాయె?"

జరిగింది చెప్పాను. రీడర్ తియ్యలేదని, సౌండ్ మానిటర్‌కు తిప్పానని.

"అంటే ఇంకా మాట్లాడతా ఉంటాదా?"

"ఎవరూ ఆపకుంటే, మాట్లాడతానే ఉంటాది అక్కా."

"ఏమని?"

"ఆన్ చేస్తానే లాగిన్ తెర మీది పేర్లు చదవతాది గదా. నీ పేరే ముందుండాది."

అక్క ఏదో అనబోయింది. ఫోన్ మోగింది. పాపను ఒక చేత్తో పొదివి పట్టుకునే, రెండో చేత్తో తడుముకుని ఫోన్ తీసి, "వ్యాన్ స్టాండ్, సొల్లుంగ, చెప్పండి" అంది.